వాడేకొద్దీ పండే మట్టి: హగి టీ గిన్నెల రంగు ఎలా మారుతుంది

కొత్త హగి గిన్నెలో వేడినీళ్లు పోసి కాసేపు బల్ల మీద ఉంచితే, ఎత్తి చూసేసరికి కింద గుండ్రంగా తడి కనిపించడం వింతేమీ కాదు. గిన్నెకు చిల్లు లేదు, పగలనూ లేదు. మట్టే నీళ్లు పీల్చుకుని అడుగు నుంచి చెమరుస్తోంది. మామూలుగా అయితే ఇలాంటి సరుకును కొన్నవాళ్లు మర్నాడే వెనక్కి తెచ్చి ఇచ్చేస్తారు. జపాన్ ప్రధాన ద్వీపం పడమటి కొసన, యమగుచి ప్రాంతంలో ఉన్న హగి ఊళ్లో మాత్రం అమ్మేవాళ్లు ఈ సంగతి ముందే చెప్పి అమ్ముతారు. కొన్నాళ్లు వాడండి, కారడం దానంతటదే ఆగిపోతుంది అంటారు. నిజంగానే ఆగిపోతుంది. ఈలోగా ఇంకో సంగతి జరుగుతుంది. లేత గులాబీ రంగులోనో బిస్కెట్ రంగులోనో ఉన్న గిన్నె లోపల సన్నటి గోధుమ గీతలు వలలా అల్లుకుంటాయి. కొన్నిచోట్ల మచ్చలు తేలతాయి. మొత్తంగా గిన్నె ఒక ఛాయ ముదురుతుంది. టీ మీద ఇష్టమున్న జపనీయులు దీన్ని ‘హగి ఏడు వేషాలు’ అని ముచ్చటగా చెప్పుకుంటారు.

ఈ మార్పు గురించి ఇంటర్నెట్‌లో దొరికే రాతల్లో కవిత్వం పాలు ఎక్కువ. గిన్నెకు ప్రాణం ఉందని, యజమాని మనసు అందులోకి దిగుతుందని, కాలమే దానికి అందం దిద్దుతుందని రాస్తుంటారు. ఆ చివరి మాట అయితే పూర్తిగా తప్పు. హగి గిన్నెను పెట్టెలో పెట్టి వందేళ్లు వదిలేస్తే దాదాపు కొత్తదానిలాగే బయటికి వస్తుంది. దాన్ని మార్చేది వాడకం, వాడాక కడిగి ఆరబెట్టే పద్ధతి. వాటికి చోటిచ్చేలా కుమ్మరి ముందే మట్టిని, పూతను కావాలని కాస్త అమరకుండా వదిలిపెడతాడు. అందం సంగతి ఆ తరవాత. ముందు మట్టి దగ్గర మొదలుపెట్టాలి.

హగి కుమ్మరులు ప్రధానంగా వాడేది దైదో మట్టి. యమగుచి దక్షిణ భాగంలో తవ్వి తీస్తారు. తెల్లగా, ఇసుక పలుకులతో, బాగా వేడిని తట్టుకునే రకం. దీనిలో మితకె అనే ఇంకో తెల్లమట్టిని, హగి తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న మిషిమా దీవి నుంచి తెచ్చే ఎర్రమట్టిని కలుపుతారు. మిషిమా మట్టిలో ఇనుము ఎక్కువ. పాళ్లు ఒక్కో బట్టీకి ఒక్కో రకంగా ఉంటాయి. గిన్నెలను పైన్ కట్టెలతో, కొండవాలున మెట్లు మెట్లుగా కట్టిన బట్టీలో 1,200 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడి దగ్గర కాలుస్తారు. మామూలు బంకమట్టి ఆ వేడికి మెత్తబడి, రేణువులు ఒకదానికొకటి కరిగి అతుక్కుని, రాయిలా గట్టిపడుతుంది. దైదో మట్టి మొండిది. ఆ వేడికి పూర్తిగా లొంగదు. రేణువులు అంచుల దగ్గర అతుక్కుంటాయి గానీ మధ్యలో ఖాళీలు ఖాళీలుగానే మిగిలిపోతాయి. అందుకే హగి గిన్నె చూడ్డానికి దిట్టంగా ఉన్నా చేతికి తేలిగ్గా, మెత్తగా అనిపిస్తుంది. వేళ్లతో తడితే పింగాణీలా ఖంగుమనదు, మందంగా పలుకుతుంది. లోపలి వేడి చేతికి మెల్లగా తగులుతుంది. మరుగునీళ్లు పోసిన పింగాణీ కప్పును వెంటనే పట్టుకోలేం. హగి గిన్నెను రెండు చేతులతో పొదివి పట్టుకోవచ్చు.

ఆ మట్టి మీద పూత. ఫెల్డ్‌స్పార్ రాతిపొడి, కట్టెబూడిద కలిపిన పలచటి ద్రవంలో గిన్నెను ముంచి తీస్తారు. తెల్లటి పూత కావాలంటే వరిగడ్డి బూడిద కలుపుతారు. బట్టీలో అది కరిగి గాజులా మారి మట్టికి అంటుకుంటుంది. బట్టీ చల్లారేటప్పుడు మట్టీ, గాజూ రెండూ కుంచించుకుపోతాయి. కానీ ఒకే లెక్కన కాదు. హగి పూత మట్టికన్నా ఎక్కువ కుంచించుకుపోయే రకం. మట్టి తనతోపాటు లోపలికి రాదు, గాజేమో సాగే గుణం లేనిది. ఆ లాగుడుకు తట్టుకోలేక గాజు సన్నగా నెర్రెలిస్తుంది. బట్టీ తలుపు తీశాక గిన్నెలు బయటి గాలికి చల్లబడుతుంటే చిన్న చిన్న గాజు ముక్కలు తగిలినట్టు కిణ్‌కిణ్‌మని చప్పుళ్లు వినిపిస్తాయి. అది నెర్రెలు పడుతున్న చప్పుడే. ఈ నెర్రెల వలను జపనీయులు ‘కన్‌న్యూ’ అంటారు. టైల్స్ ఫ్యాక్టరీలో అయితే ఇది లోపం కింద లెక్క, సరుకును పక్కన పడేస్తారు. హగిలో పూత పాళ్లు ఇది జరిగేలాగే చూసుకుంటారు.

నెర్రెలు బట్టీలోనే అన్నీ పడిపోవు. కొంత పని తరవాత జరుగుతుంది. పూర్తిగా గట్టిపడని మట్టి గాలిలోని తేమను, పోసిన నీటిని లోపలికి లాక్కుని నెలలు, ఏళ్ల మీద అతి కొద్దిగా ఉబ్బుతుంది. కొత్త ఇటుకలతో కట్టిన పొడవాటి గోడల్లో ఇంజనీర్లు సందులు వదలడానికి ఒక కారణం కూడా ఇదే. బట్టీ నుంచి వచ్చిన ఇటుక ఏళ్ల తరబడి ఉబ్బుతూనే ఉంటుంది. గిన్నె మట్టి ఉబ్బితే పైనున్న గాజు ఇంకా బిగుసుకుని కొత్త నెర్రెలిస్తుంది. దీనికి తోడు టీ గిన్నె పడే వేడి చలి దెబ్బలు ఉన్నాయి. టీ కలిపే ముందు వేడినీళ్లతో గిన్నెను వెచ్చబరుస్తారు, తరవాత వేడి టీ, తాగాక మళ్లీ నీళ్లతో తొలుపుడు. ఒక్క పూటలో ఇన్నిసార్లు వేడెక్కి చల్లబడే పాత్రలో, పెట్టెలో కూర్చున్న పాత్రకన్నా నెర్రెలు త్వరగా పెరగడంలో ఆశ్చర్యం లేదు. పాత గిన్నెలో దగ్గరగా చూస్తే రెండు తరాల గీతలు కనిపిస్తాయి. ముందుగా పడ్డ పెద్ద గీతలు ముదురు రంగులో, పొడుగ్గా ఉంటాయి. వాటి మధ్య గళ్లలో పడ్డ చిన్న గీతలు లేతగా, ఇంకా రంగు పట్టాల్సినట్టుగా ఉంటాయి.

ఇక రంగు ఎక్కించేది టీ. జపాన్ టీ సేవలో వాడేది మాచా, అంటే నీడన పెంచిన తేయాకును ఆవిరిపట్టి, ఆరబెట్టి, రాతి తిరగలిలో మెత్తగా విసిరిన పచ్చటి పొడి. గిన్నెలో సుమారు రెండు గ్రాముల పొడి వేసి, మరుగు తగ్గిన నీళ్లు కొద్దిగా పోసి, సన్నటి పుల్లలు చీల్చిన వెదురు కవ్వంతో నురగ వచ్చేదాకా చిలుకుతారు. ఆకు మొత్తం గిన్నెలోనే ఉంటుంది, వడకట్టడం అనేది లేదు. పొడి రేణువుల్లో చాలా భాగం నెర్రెల్లో దూరలేనంత పెద్దవి. లోపలికి దిగేది నీటిలో కరిగిన వగరు. ఆ వగరు పదార్థాలు గాలి తగిలి గోధుమ రంగుకు తిరుగుతాయి. మట్టిలో ఇనుము ఉంటే దానితో కలిసి ఇంకా నల్లబడతాయి. శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీ పనివాళ్లకు ఈ రసాయనం కొత్తది కాదు. కరక్కాయ వగరు పట్టించిన గుడ్డ మీద ఇనుప తుప్పు, బెల్లం ఊరబెట్టిన కసిం నీళ్లతో గీత గీస్తే నల్లగా తేలేది ఇలాగే. మిషిమా ఎర్రమట్టి ఎక్కువ కలిసిన గిన్నెలో గీతలు ముదురుగా, తెల్లమట్టి గిన్నెలో తేనె రంగులో పడటానికి ఇదొక కారణం.

అసలు కిటుకు మాత్రం ఆరడంలో ఉంది. చాలామంది టీ పోసినప్పుడే మచ్చ పడుతుందనుకుంటారు. టీ పోసినప్పుడు తడి మట్టిలోకి అన్ని వైపులా పాకుతుంది, అంతే. గిన్నెను కడిగి బోర్లించాక ఆ తడి బయటికి రావాలి. గాజు మీద నుంచి రాలేదు కాబట్టి నెర్రెల్లోంచి, పూత వేయని అడుగు కట్టు దగ్గర నుంచి వస్తుంది. వస్తూ వస్తూ తనలో కరిగిన వగరును మోసుకొచ్చి, నీరు ఆవిరయ్యే చోట దాన్ని వదిలేసిపోతుంది. గీతల అంచులే ముందు ముదరడం, అడుగు కట్టు చుట్టూ పూత అంచున ఒక నీడ పట్టడం ఇందుకే. పూత పలచబడ్డ చోటో, నెర్రెలు దట్టంగా ఉన్న చోటో తడి ఎక్కువగా చేరితే గుండ్రటి మచ్చలు తేలతాయి. ఇంటి కప్పు కారితే గోడ మీద పడే చారికల్లా ఉంటాయి కాబట్టి టీవాళ్లు వాటిని ‘అమమొరి’, అంటే వాన కారుపు అన్నారు. ఈ మచ్చలకే పేరుపడ్డ కొరియా గిన్నెల తరగతి ఒకటి ఉంది. ఇలా వదిలిన పదార్థం క్రమంగా సందులను పూడుస్తుంది. మొదట్లో నీళ్లు చెమర్చిన గిన్నె తరవాత చెమర్చకపోవడానికి కారణం అదే. మార్పు మొదటి రోజుల్లో గబగబా కనిపించి తరవాత నెమ్మదించడానికి కారణమూ అదే.

అన్ని టీ గిన్నెలూ ఇలా మారవు. చైనాలోని ఫుజియాన్‌లో, జియాన్ బట్టీల్లో సుమారు 1,300 డిగ్రీల దగ్గర కాలిన నల్లటి తెన్‌మొకు గిన్నెలు ఎనిమిది వందల ఏళ్ల తరవాత కూడా దాదాపు బట్టీ నుంచి వచ్చిన మెరుపుతోనే ఉన్నాయి. ఆ పూత మందంగా, గట్టిగా ఉంటుంది. టీ దాని మీద జారిపోతుంది. పింగాణీ సంగతి చెప్పనే అక్కర్లేదు. వాటిలో మచ్చ పడితే అది మురికే, తోమితే పోతుంది. క్యోటో రకు గిన్నెలది ఇంకో దారి. చక్రం మీద పెట్టకుండా చేత్తో మలిచి, నల్లవాటిని ఒక్కొక్కటిగా చిన్న బట్టీలో కాల్చి, ఎర్రగా కాలుతుండగానే పట్టకారుతో బయటికి లాగుతారు. ఆ మట్టి కూడా గుల్లే, చేతికి వెచ్చగా మెత్తగా ఉండేదే. కానీ నల్ల పూత మీద టీ మరక కంటికి కనిపించదు. అక్కడ వాడకం వల్ల వచ్చేది రంగు మార్పు కన్నా పై మెరుపులో తేడా. చేతులు తగిలిన చోట ఒక రకం నునుపు, తగలని చోట ఇంకో రకం. టీ గురువుల్లో ‘మొదట రకు, రెండోది హగి, మూడోది కరత్సు’ అని ఒక నానుడి ఉంది. గుల్లతనం, చేతికి తగిలే వెచ్చదనం ఉన్న మూడింటినే ఆ నానుడి ఏరుకుంది. కంటికి కనిపించే మార్పు విషయానికి వస్తే మాత్రం హగిదే పైచేయి.

మరక పడిన గిన్నె ముచ్చటగా ఎప్పుడు కనిపించడం మొదలైంది? జపాన్ పెద్దింటివాళ్లు చాలాకాలం చైనా నుంచి వచ్చిన మెరిసే గిన్నెలకే విలువ కట్టారు. 15వ శతాబ్దంలో మురత జుకో, ఆ తరవాత తకెనో జోఓ, చివరికి సెన్ నో రిక్యూ (1522–1591) అనే టీ గురువులు ఆ మోజును పక్కకు తిప్పారు. చిన్న గది, తక్కువ వెలుగు, ఆర్భాటం లేని పాత్రలు వచ్చాయి. రిక్యూ కోరిక మీద క్యోటోలో చోజిరో అనే పనివాడు చేసిన నల్ల, ఎర్ర గిన్నెలతోనే రకు వంశం మొదలైంది. అదే సమయంలో కొరియా నుంచి వచ్చిన మోటు గిన్నెల మీద గిరాకీ పెరిగింది. వాటిలో ‘ఇదో’ అనే రకాన్ని రిక్యూ శిష్యుడు యమనోయె సోజి 1588లో తన రాతల్లో కొరియా గిన్నెలన్నింట్లో మేటి అని తేల్చేశాడు. ఇదో గిన్నెలు కూడా గుల్లమట్టివే, నెర్రెల పూతవే. అంటే మరకను అందంగా చూసే కన్ను జపాన్‌లో ముందుగా అలవాటుపడింది కొరియా గిన్నెల మీదే.

ఈ ఇష్టం వెనక రక్తం కూడా ఉంది. ముచ్చటైన టీ వ్యాసాలు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి. అప్పటి జపాన్ పాలకుడు తొయొతొమి హిదెయొషి 1592లో కొరియా మీదికి సైన్యాన్ని పంపాడు. 1598 దాకా సాగిన ఆ యుద్ధంలో ఊళ్లకు ఊళ్లు తగలబడ్డాయి. జపాన్ దొరలు తిరిగి వస్తూ కొరియా కుమ్మరులను తమ వెంట పట్టుకొచ్చారు. అందుకే ఆ యుద్ధానికి ‘కుండల యుద్ధం’ అన్న పేరు కూడా పడింది. హగి, కరత్సు, సత్సుమా, అరిత, ఇవాళ జపాన్ గర్వంగా చెప్పుకునే ఈ పేర్లన్నింటి వెనకా ఆ చెరపట్టిన చేతులు ఉన్నాయి. మోరి తెరుమొతో అనే దొర వెంట వచ్చినవాళ్లు యి జక్‌గ్వాంగ్, యి గ్యోంగ్ అనే అన్నదమ్ములు. 1600లో సెకిగహర యుద్ధంలో ఓడిన పక్షాన ఉన్నందుకు మోరి తన రాజ్యంలో చాలా భాగం పోగొట్టుకున్నాడు. 1604లో సముద్రపు ఒడ్డున మారుమూల ఉన్న హగిలో కోట కట్టుకున్నాడు. కుమ్మరులకు ఆ ఊరి శివార్లలో బట్టీ పెట్టించాడు. తమ్ముడు యి గ్యోంగ్‌కు 1625లో ‘కొరైజ్యెమొన్’ అన్న బిరుదు ఇచ్చారు. ‘కొరై’ అంటే కొరియా. పట్టుకొచ్చిన మనిషికి ఆయన పుట్టిన దేశం పేరునే బిరుదుగా కట్టబెట్టారన్నమాట. సక ఇంటిపేరుతో ఆ వంశం ఆ బిరుదును తరతరాలుగా మోసింది. ఇంకో హగి వంశం మివాలది. ఆ ఇంట్లోనే అన్నదమ్ములిద్దరూ, 1970లో ఒకరు, 1983లో ఇంకొకరు, వాడుకలో ‘సజీవ జాతీయ సంపద’ అని పిలిచే ప్రభుత్వ గుర్తింపు పొందారు.

జాతీయ సంపద అనగానే ఒక లెక్క చెప్పుకోవాలి. జపాన్ ప్రభుత్వం ఆ హోదా ఇచ్చిన టీ గిన్నెలు ఎనిమిదే ఎనిమిది. ఐదు చైనా తెన్‌మొకులు, ఒకటి కొరియా ఇదో గిన్నె. జపాన్‌లో చేసినవి రెండే: ‘ఉనొహనగకి’ అనే షినో రకం గిన్నె, హొనామి కొఎత్సు అనే కళాకారుడు చేసిన ‘ఫుజిసాన్’. హగి గిన్నె ఒక్కటీ లేదు.

ఆ ఒక్క కొరియా గిన్నె ‘కిజ్యెమొన్’. హగి కుమ్మరులు తరాల తరబడి అందుకోవాలని చూసిన నమూనా ఇదో గిన్నెలే కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగాలి. మూతి వెడల్పు 15 సెంటీమీటర్లకు కాస్త పైన. రంగు లొక్వాట్ పండు తొక్కది, అంటే పసుపు కలిసిన లేత గోధుమ. చక్రం మీద గబగబా తిప్పిన వేళ్ల గీతలు బయటివైపు అలాగే ఉన్నాయి. అడుగు కట్టు దగ్గర పూత సరిగ్గా కరగక ముడుచుకుని పొక్కుల్లా గడ్డకట్టింది. పూతంతా నెర్రెలు. చేసినవాడు చూసుకుని మురిసిపోయి ఉంటాడని అనిపించే గుణం ఒక్కటీ లేదు. ఇది కొరియాలో అన్నం గిన్నె అని 20వ శతాబ్దంలో గట్టిగా చెప్పిన జానపద కళల ఆలోచనాపరుడు యనగి సొఎత్సు, 1931లో దీన్ని చేతిలోకి తీసుకుని చూసి, ఇంత మామూలు వస్తువా అని ఆశ్చర్యపోయి, ఆ మామూలుతనమే దాని గొప్ప అని వాదించాడు. పూజల్లో వాడిన పాత్ర అయి ఉండొచ్చని తరవాతి పరిశోధకుల్లో కొందరి వాదన. ఏది నిజమైనా, చేసిన చోట అది టీ గిన్నె కాదు.

ఒసాకా వ్యాపారి తకెద కిజ్యెమొన్ పేరు మీద ఆ గిన్నెకు ఆ పేరు నిలిచింది. ఆస్తంతా పోయినా గిన్నెను మాత్రం వదల్లేదని, చివరికి ఒంటి మీద కురుపులు లేచి చనిపోయాడని కథ. తరవాత అది మత్సుఎ దొర, పేరున్న టీ సేకరణకర్త మత్సుదైర ఫుమై (1751–1818) చేతికి వచ్చింది. ఆయనకూ కురుపులు వచ్చాయని, భార్య అమ్మేయమని బతిమాలినా వినలేదని చెబుతారు. ఆయన పోయాక కొడుక్కీ అదే బాధ రావడంతో కుటుంబం దాన్ని క్యోటోలో దైతొకు-జి ఆశ్రమంలోని కొహో-అన్‌కు ఇచ్చేసింది. కురుపుల సంగతి ఎలా ఉన్నా, కొహో-అన్‌కు ఇవ్వడంలో తర్కం ఉంది. కాలిపోయిన ఆ మందిరాన్ని తిరిగి నిలబెట్టడంలో ఫుమైదే పెద్ద చెయ్యి. 1951లో గిన్నెకు జాతీయ సంపద హోదా వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది ఇది: ఆ గిన్నె మీద ఇప్పుడు మనం చూసే రంగులో ఎంత బట్టీది, ఎంత టీది అని విడదీయడం కష్టం. మెచ్చుకునేవాళ్లు రెండింటినీ కలిపే మెచ్చుకుంటున్నారు. హగి కుమ్మరి ఆ ఛాయను బట్టీలోనే తేవాలని చూడలేదు. సగం పని తాను చేసి, మిగతా సగం కొన్నవాడికి వదిలేశాడు. వ్యాపారపరంగా చూసినా తెలివైన పద్ధతే.

ఆ మిగతా సగం పని చాలావరకు విసుగు పుట్టించేది. కొత్త గిన్నెను మొదట బియ్యం కడిగిన నీళ్లలో ఉంచి సన్నటి మంట మీద కాచి, అందులోనే చల్లారనిస్తారు. గంజి కొన్ని రంధ్రాలను పూడుస్తుంది, టీ ఒక్కసారిగా లోపలికి దిగకుండా ఆపుతుంది. ఆ తరవాత కూడా వాడే ప్రతిసారీ ముందు గిన్నెను మంచినీళ్లలో కాసేపు నానబెడతారు. రంధ్రాల్లో ముందే నీళ్లు ఉంటే టీ మెల్లగా, సమంగా దిగుతుంది. ఈ పని మానేస్తే మొదటి టీకే ఒకచోట గుప్పున మచ్చ పడుతుంది, అది ఇక పోదు. తాగాక సబ్బు వాడరు. వేడినీళ్లతో చేత్తో కడిగి, తుడిచి, అడుగు కట్టు గాలికి తగిలేలా పెడతారు. ఆరడానికి ఒక పూట చాలదు, రోజులు పడుతుంది. పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. ఆ తడితోనే కిరి చెక్క పెట్టెలో పెట్టి మూత వేస్తే బూజు పడుతుంది. జూన్, జూలై నెలల్లో జపాన్‌లో ముసురు పట్టినప్పుడు టీ ఇళ్లవాళ్లకు ఈ టెన్షన్ తప్పదు. మన కోస్తా జిల్లాల ఉక్కపోతలో అయితే ఏడాదిలో సగం రోజులు ఇదే గొడవ.

హైదరాబాద్, విశాఖ కాఫీ షాపుల్లో ఇప్పుడు మాచా దొరుకుతోంది, గిన్నెలు ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఒక హెచ్చరిక. మన పాలు, చక్కెర కలిపిన చాయ్‌ని, మాచా లాటేని హగి గిన్నెలో పోయకూడదు. మాచా ఉత్త నీళ్లలో కలిపేది, దాని మరక వాసన వేయదు. పాల కొవ్వు, మాంసకృత్తులు నెర్రెల్లోకి దిగితే అక్కడే పులుస్తాయి. వాటిని బయటికి లాగే దారి లేదు. వాసన వచ్చిన గిన్నెను బ్లీచ్‌లో నానబెడితే మరక తెల్లబడుతుంది గానీ బ్లీచ్ కూడా మట్టిలోకి పోయి, తరవాతి టీలోకి వస్తుంది. డిష్‌వాషర్ సబ్బుదీ ఇదే కథ. మైక్రోవేవ్‌లో పెడితే లోపలి తడి ఒక్కసారిగా ఆవిరై గిన్నె పగలొచ్చు. పాల టీకి పింగాణీ కప్పు చాలు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

మరకకు విలువ ఉన్నచోట దొంగ మరక కూడా ఉంటుంది. చిక్కటి టీ డికాషన్‌లో గిన్నెను రాత్రంతా ముంచి ఉంచితే నెర్రెలు తెల్లారేసరికి గోధుమ రంగుకు వస్తాయి. పాత గిన్నె పేరుతో అమ్మేవాళ్లకు ఇది తెలియని సంగతి కాదు. పసిగట్టడానికి కొన్ని గుర్తులు ఉన్నాయి. ముంచిన గిన్నెలో లోపలా బయటా ఒకే లెక్కన రంగు పడుతుంది. ముందు పడ్డ గీతలకూ తరవాత పడ్డ గీతలకూ తేడా ఉండదు. నిజంగా వాడిన గిన్నెలో టీ నిలిచే అడుగుభాగం, తాగే పెదవి వైపు, బొటనవేలు ఆనే చోటు వేరువేరుగా ముదురుతాయి. లోపలి అడుగున వెదురు కవ్వం తిరిగిన గుండ్రటి జాడ వెలుగుకు పట్టి చూస్తే కనిపించవచ్చు. అడుగు కట్టు అంచులు చాపల మీద ఆని ఆని మొద్దుబారతాయి. వీటిలో రంగును రాత్రికి రాత్రి తేవచ్చు గానీ అరుగుదలను తేవడం కష్టం. ఖరీదైన బేరాల్లో అసలు ఆధారం గిన్నె మీద ఉండదు, పెట్టె మీద ఉంటుంది. కుమ్మరో, టీ గురువో పెట్టె మూత మీద సిరాతో రాసిన రాత, వేసిన ముద్ర ధరను తేలుస్తాయి. అసలు పెట్టెలో వేరే గిన్నె పెట్టి అమ్మే మోసం కూడా ఉంది, అది ఇంకా పాతది. పాత మరక ఉన్నంత మాత్రాన గిన్నె గొప్పదైపోదు. చేతకాని పనివాడి గిన్నె వందేళ్లు వాడినా మరకపడ్డ చేతకాని గిన్నే.

గుల్లమట్టికి ఒక మూల్యం ఉంది. తేలిగ్గా పెచ్చులూడుతుంది, కింద పడితే ముక్కలవుతుంది. అక్కడ ఉరుషి చెట్టు పాలతో అతికి, అతుకు మీద బంగారు పొడి చల్లే పని మొదలవుతుంది. దీన్ని ‘కిన్‌త్సుగి’ అంటారు. ఇప్పుడది మోటివేషన్ స్పీకర్ల నోట నలిగిపోయింది కాబట్టి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కర్లేదు. రెండు ఉదాహరణలు చాలు. టోక్యో నేషనల్ మ్యూజియంలో ‘బకోహన్’ అనే చైనా సెలడాన్ (లేత ఆకుపచ్చ పూత) గిన్నె ఉంది. పగిలితే షోగున్ (సైనిక పాలకుడు) అషికగ యొషిమస దానికి సాటివచ్చే కొత్తది పంపమని చైనాకు పంపించాడని, అలాంటిది ఇప్పుడు దొరకదంటూ అక్కడివాళ్లు ఇనుప బిళ్లలతో కుట్టి అదే గిన్నెను తిప్పి పంపారని చెబుతారు. ఆ బిళ్లలు మిడతల్లా ఉన్నాయని గిన్నెకు ఆ పేరు వచ్చింది. హొనామి కొఎత్సు చేసిన ‘సెప్పో’ అనే ఎర్ర రకు గిన్నెలో పగుళ్లు కింద పడి వచ్చినవి కావు, బట్టీలో పడ్డవి. వాటిని పారేయకుండా బంగారంతో పూడ్చారు. వాడకం కన్నా ముందే గిన్నె బతుకు మొదలైందన్నమాట.

ఇప్పుడు పేరున్న పాత గిన్నెలకు వచ్చిన చిక్కు వేరే. అవి పగలడం లేదు, మరకపడటమూ లేదు. మ్యూజియం గాజు పెట్టెలో తేమ, వేడి కొలిచి పెడతారు. తడి తగలదు, చెయ్యి తగలదు. నాలుగు వందల ఏళ్లు మారుతూ వచ్చిన వస్తువును ఒక తేదీ దగ్గర ఆపేసినట్టే. కాపాడేవాళ్ల వాదనను కొట్టిపారేయలేం. జాతీయ సంపదతో రోజూ టీ తాగితే ఏదో ఒకరోజు అది నేలపాలవుతుంది. టీవాళ్ల వాదన కూడా కాదనలేనిదే: గిన్నె బరువు, పెదవికి తగిలే అంచు, చేతికి అందే వెచ్చదనం తెలియకుండా దాన్ని చూశామనడం సగం మాటే. మధ్యే దారి వెతికినవాళ్లలో రకు వంశం ఒకటి. క్యోటోలో 1978లో వాళ్లు స్థాపించిన మ్యూజియంలో, సందర్శకులు వంశపు గిన్నెలను చేతిలోకి తీసుకుని చూసే కూటములు, వాటిలోనే టీ ఇచ్చే సమావేశాలు జరుపుతారు. వచ్చినవాళ్లు ఉంగరాలు, వాచీలు తీసి పక్కన పెట్టి, మోచేతులు నేలకు దగ్గరగా ఉంచి గిన్నెను పట్టుకోవాలి.